విదేశాల నుంచి బండి పార్ట్స్ తెప్పించుకుంటే షిప్పింగ్ ఎంత పడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కడా దొరకని పార్ట్ వేరే దేశంలో ఎవరి దగ్గరో ఉందని తెలిస్తే ప్రాణం లేచొస్తుంది. షిప్పింగ్ ఎంతో చూశాక ఆ సంతోషం సగమవుతుంది. కస్టమ్స్ బిల్లు కూడా వచ్చాక, అసలు ఎందుకు కొన్నామా అనిపిస్తుంది. పాత బండిని మళ్లీ రోడ్డెక్కించే పనిలో కొన్నేళ్లుగా నేను ఇలా పార్ట్స్ తెప్పించుకుంటున్నాను. ఇదే దారిలో ఉన్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

పార్ట్ ధర కంటే షిప్పింగే ఎక్కువ చూపిస్తోంది. అమ్మేవాళ్లు మోసం చేస్తున్నారా?

చాలాసార్లు మోసం కాదు. విమానంలో అయినా ఓడలో అయినా వాళ్లు అమ్మేది చోటు. మీ బంపర్ ఐదు కిలోలే ఉండొచ్చు. కానీ అది పట్టే చోటులో ఇంకొకరి ఎనభై కిలోల సరుకు పడుతుంది. అందుకని కొరియర్ కంపెనీ ఆ ఎనభై కిలోల డబ్బూ మీ దగ్గరే తీసుకుంటుంది. దీన్ని వాల్యూమెట్రిక్ బరువు అంటారు. తూకం వేస్తే వచ్చే బరువు, కొలతల నుంచి వచ్చే ఈ బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద బిల్లు వేస్తారు. బండి పార్ట్స్ కొనేవాళ్లకు ఈ పద్ధతి మరీ భారం. బంపర్, ఫెండర్, గ్రిల్, హెడ్‌లైట్, డాష్‌బోర్డ్ అన్నీ చూడటానికి పెద్దవి, లోపల డొల్ల.

రెండో కారణం, పంపే మనిషికి కొరియర్ వాళ్లిచ్చే రేటు. రోజూ వందల పార్శిళ్లు పంపే దుకాణానికి కొరియర్ కంపెనీతో ఒప్పందం ఉంటుంది, గట్టి తగ్గింపు దొరుకుతుంది. తన షెడ్డులో మిగిలిపోయిన పార్ట్‌ను అమ్ముకునే మనిషి కౌంటర్ దగ్గరికి వెళ్లి పూర్తి రేటు కట్టాలి. ఒకే పార్ట్‌కు ఇద్దరు చెప్పే షిప్పింగ్‌లో ఇంత తేడా ఉండటానికి ఇదే కారణం. పార్ట్ ధర తక్కువ చూపించి షిప్పింగ్‌లో లాభం వేసుకునేవాళ్లూ లేకపోలేదు. కాబట్టి ఎప్పుడూ రెండూ కలిపిన మొత్తాన్నే పోల్చి చూడండి.

ఈ వాల్యూమెట్రిక్ బరువును నేనే లెక్కవేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, వేసుకునే తీరాలి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని మూడింటినీ గుణించండి. వచ్చినదాన్ని 5000తో భాగిస్తే కిలోలు వస్తాయి. డీహెచ్‌ఎల్, ఫెడెక్స్, యూపీఎస్ లాంటి అంతర్జాతీయ ఎక్స్‌ప్రెస్ కొరియర్ల లెక్క ఇది. మామూలు ఎయిర్ కార్గోలో 5000 బదులు 6000తో భాగిస్తారు.

170 × 60 × 40 సెం.మీ. పెట్టెలో వచ్చే బంపర్‌ను చూడండి. గుణిస్తే 4,08,000. కొరియర్ లెక్కన 81.6 కిలోలు, ఎయిర్ కార్గో లెక్కన 68 కిలోలు. తూకంలో అది ఐదారు కిలోలే. ఇప్పుడు 32 × 32 × 8 సెం.మీ. పెట్టెలో ఎనిమిది కిలోల బ్రేక్ డిస్క్ ఒకటి వస్తోందనుకోండి. కొలతల లెక్కన 1.6 కిలోలే. బిల్లు మాత్రం ఎనిమిది కిలోలకు పడుతుంది, ఎందుకంటే ఇక్కడ అసలు బరువే ఎక్కువ. అంటే గట్టి ఇనుప సామానుకు తూకం చూసుకోవాలి, డొల్లగా ఉండే ప్లాస్టిక్ సామానుకు టేపు పట్టుకోవాలి.

కొలిచేది పెట్టె బయటి కొలత. పెట్టె పక్కకు ఉబ్బి ఉంటే ఆ ఉబ్బు కూడా లెక్కలోకి వస్తుంది. వచ్చిన బరువును పై అర కిలోకో కిలోకో సర్దుతారు. అమ్మేవాళ్లు చెప్పిన కొలతలు తప్పయితే కొరియర్ వాళ్లు తమ యంత్రంతో మళ్లీ కొలిచి తేడా వసూలు చేస్తారు.

పెట్టె చిన్నది చేయమని అడిగితే వాళ్లు ఏమైనా అనుకుంటారా?

ఏమీ అనుకోరు. మర్యాదగా అడిగితే చాలామంది చేస్తారు. ఇది నాకు ఒక హెడ్‌లైట్ విషయంలో తెలిసొచ్చింది. బరువు నాలుగు కిలోలని అమ్మినాయన చెబితే అంతే కదా అనుకుని డబ్బు కట్టాను, పెట్టె ఎంతని అడగలేదు. ఆయన చేతికందిన పెద్ద పెట్టెలో పెట్టి, చుట్టూ కాగితం కూరి పంపాడు. 80 × 50 × 45. కొరియర్ లెక్కన 36 కిలోలు. ఆ లైట్‌కు 60 × 45 × 35 పెట్టె సరిపోయేది, అప్పుడు 19 కిలోల లోపే అయ్యేది. ఆ తేడా డబ్బు నేనే కట్టాను. అప్పటి నుంచి ప్యాక్ చేశాక పెట్టె మీద టేపు పెట్టిన ఫొటో పంపితే గానీ డబ్బు కట్టడం లేదు.

విడదీయగలిగిన పార్ట్ అయితే విడదీసి పంపమనండి. సైలెన్సర్ పైపును బోల్టులున్నచోట రెండుగా విప్పితే పెట్టె పొడవు సగమవుతుంది. రెండు పెట్టెలు కలిపితే వాల్యూమెట్రిక్ బరువు పెద్దగా తగ్గకపోవచ్చు. లాభం ఇంకోచోట వస్తుంది. పెట్టె ఏదో ఒక వైపు మీటరో, మీటరూ పావో దాటితే చాలా కొరియర్ కంపెనీలు ‘ఓవర్‌సైజ్’ అని విడిగా పెద్ద మొత్తం వేస్తాయి. పొడవు తగ్గితే అది తప్పుతుంది.

పెట్టె తగ్గించాలన్న ఆత్రంలో కుషన్ తీసేయమని మాత్రం అడగకండి. హెడ్‌లైట్లకుండే ప్లాస్టిక్ చెవులు, మూలల్లో రెండు సెంటీమీటర్ల ఫోమ్ లేకపోతే విరిగే వస్తాయి.

పోస్టు, కొరియర్, కార్గో, ఓడ: వీటిలో ఏది మంచిది?

పార్ట్‌ను బట్టి ఉంటుంది. చిన్న పార్ట్స్‌కు నేను మొదట చూసేది పోస్టు. 1874లో ఏర్పడిన యూనివర్సల్ పోస్టల్ యూనియన్ వల్ల దాదాపు ప్రతి దేశపు పోస్టు ఇంకో దేశపు పోస్టుతో ముడిపడి ఉంది. కొన్ని దేశాల పోస్టు ఇప్పటికీ తూకం బరువు మీదే డబ్బు తీసుకుంటుంది. పెద్దగా, తేలిగ్గా ఉండే గ్రిల్ లాంటి పార్ట్స్‌కు అది వరం. అయితే బరువుకూ కొలతకూ హద్దులుంటాయి. ఈఎంఎస్ (పోస్టువాళ్ల ఎక్స్‌ప్రెస్ సర్వీసు) పార్శిల్ మామూలుగా 30 కిలోలు దాటకూడదు, కొన్ని దేశాలకు 20 కిలోలే. రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర రెండు అక్షరాల దేశం కోడ్, మొత్తం 13 గుర్తుల ట్రాకింగ్ నంబర్ వచ్చిందంటే అది పోస్టులో వస్తున్నట్టు. తొందర లేకపోతే, సర్ఫేస్ మెయిల్ ఉన్న దేశాల నుంచి ఓడ మీద పోస్టులోనే తెప్పించుకోవచ్చు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

కొరియర్ ఖరీదు, కానీ వారంలోపు ఇంటికొస్తుంది, కస్టమ్స్ పని కూడా వాళ్లే చూస్తారు. కొటేషన్‌లో చెప్పిన రేటు మీద ఇంధనం సర్‌ఛార్జ్, ఊరు దూరమైతే రిమోట్ ఏరియా ఛార్జ్ కలుస్తాయి. ఇంధనం శాతం తరచూ మారుతుంది, కొన్ని కంపెనీలు వారానికోసారి మారుస్తాయి. నెల కిందటి కొటేషన్‌ను పట్టుకుని కూర్చోకండి.

బరువు యాభై, వంద కిలోలు దాటితే ఎయిర్ కార్గో రేటు అడగండి. కిలోకు తక్కువ పడుతుంది, కానీ సరుకు విమానాశ్రయం దాకానే వస్తుంది. అక్కడి నుంచి క్లియరెన్స్, రవాణా మీ బాధ్యత.

ఓడలో చాలా చవక అన్నారు. తీరా చూస్తే బిల్లు మూడింతలైంది. ఎందుకలా?

కొత్తగా తెప్పించుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీ ఒక్కరి సరుకుతో కంటైనర్ నిండదు కాబట్టి పదిమంది సరుకూ కలిపి ఒకే కంటైనర్‌లో పంపుతారు. దీన్ని ఎల్‌సీఎల్ అంటారు. లెక్క ఘనమీటర్లలో ఉంటుంది. ఒక ఘనమీటరు, లేదా 1000 కిలోలు, ఏది ఎక్కువైతే అది. సాధారణంగా కనీసం ఒక ఘనమీటరుకు కట్టాలి. పైన చెప్పిన బంపర్ పెట్టె 0.4 ఘనమీటరే, అయినా ఒక ఘనమీటరు డబ్బే కట్టాలి.

సముద్రం దాటించే ఆ ఖర్చు చూస్తే నిజంగానే చవక. ఓడ దిగాక మొదలవుతుంది అసలు ఖర్చు: టెర్మినల్ హ్యాండ్లింగ్, కంటైనర్ విప్పి సరుకు వేరుచేసే గోదాము ఛార్జీ, డెలివరీ ఆర్డర్ ఫీజు, డాక్యుమెంట్ ఫీజు, క్లియరింగ్ ఏజెంట్ ఫీజు, ఇంటిదాకా లారీ. పెట్టె చిన్నదైతే ఇవి చిన్నవి కావు, వీటిలో చాలావరకు పెట్టె సైజును బట్టి కాకుండా, పంపిన ఒక్కో సరుకుకూ ఇంత అని పడతాయి. ఒక్క బంపర్ కోసం ఓడ ఎక్కించడం దండగ. ఇంజిన్, గేర్‌బాక్స్, రెండు తలుపులు కలిపి ఒకే ఘనమీటరులో సర్దగలిగితే ఓడను మించినది లేదు.

అందుకే సరుకు కదలకముందే, మీ వైపు ఏజెంట్ దగ్గర ఓడ దిగాక పడే ఛార్జీలన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట పనికిరాదు. ఇంకొక విషయం: బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, దాన్ని చూపిస్తేనే సరుకు ఇస్తారు) ఒరిజినల్ కాగితం మీ చేతికి రావడం ఆలస్యమైతే సరుకు గోదాములో కూర్చుంటుంది, రోజులు గడిచేకొద్దీ స్టోరేజీ పెరుగుతుంది. ఒరిజినల్ లేకుండానే సరుకు విడుదల చేసే ‘టెలెక్స్ రిలీజ్’ గానీ ‘సీ వేబిల్’ గానీ ఇమ్మని ముందే అడిగితే ఒరిజినల్ కోసం ఎదురుచూసే టెన్షన్ ఉండదు.

కొటేషన్‌లో ఈఎక్స్‌డబ్ల్యూ, ఎఫ్‌ఓబీ, డీడీపీ అని రాశారు. వాటి అర్థం ఏమిటి?

ఎక్కడి దాకా ఖర్చు అమ్మేవారిది, ఎక్కడి నుంచి మీది అని చెప్పే గుర్తులు అవి. వీటిని ఇన్‌కోటర్మ్స్ అంటారు. ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ 1936లో మొదటిసారి తెచ్చింది, ఇప్పుడు నడుస్తున్నది 2020 కూర్పు. ఈఎక్స్‌డబ్ల్యూ అంటే సరుకు వాళ్ల గోదాము గడప దగ్గర ఉంటుంది, ఆ తర్వాత అంతా మీ ఖర్చే. ఎఫ్‌ఓబీ అంటే అక్కడి రేవులో ఓడ ఎక్కించేదాకా వాళ్లది. సీఐఎఫ్‌లో మీ రేవు దాకా కిరాయి, బీమా వాళ్లవి, కానీ దిగాక పడే ఛార్జీలు మీవి. డీఏపీ అయితే మీ ఇంటిదాకా తెస్తారు, సుంకం మాత్రం మీరు కట్టాలి. డీడీపీలో సుంకంతో సహా వాళ్లే కడతారు.

ఒకరు ఈఎక్స్‌డబ్ల్యూ ధర, ఇంకొకరు డీడీపీ ధర చెబితే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకూడదు. మొదటిసారి తెప్పించుకుంటుంటే, కాస్త ఎక్కువైనా డీడీపీ అడగమనే నా సలహా.

‘ఫ్రీ షిప్పింగ్’ అంటే నిజంగా ఫ్రీయేనా?

ఖర్చు పార్ట్ ధరలో కలిపి ఉంటుంది. సుంకం ఆ ఫ్రీలో ఉండదు, డీడీపీ అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప.

సుంకం పార్ట్ ధర మీద వేస్తారా, షిప్పింగ్ కలిపి వేస్తారా?

చాలా దేశాల్లో షిప్పింగ్, బీమా కూడా కలిపిన విలువ మీద వేస్తారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటి కొన్ని దేశాలు అంతర్జాతీయ కిరాయిని కలపవు. కలిపే దేశంలో మీరుంటే షిప్పింగ్ పెరిగిన కొద్దీ సుంకమూ పెరుగుతుంది.

లెక్క తేలికగా ఉండేలా పార్ట్ 100, షిప్పింగ్ 80, సుంకం 10 శాతం, ఆ పైన అమ్మకపు పన్ను 20 శాతం అనుకుందాం. సుంకం 180 మీద, అంటే 18. పన్ను 198 మీద, అంటే 39.60. మొత్తం 237.60. వంద పెట్టి కొన్నానని మనం అనుకునే పార్ట్ ఇంటికి చేరేసరికి పడే ధర అది. దీనికి తోడు, మీ తరఫున సుంకం ముందుగా కట్టినందుకు కొరియర్ కంపెనీ తన ఫీజు వేస్తుంది. చిన్న పార్శిళ్లకు ఒక్కోసారి ఆ ఫీజు సుంకాన్ని మించుతుంది.

హెచ్‌ఎస్ కోడ్ గురించి నేను పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. అది సరుకు ఏ రకమో చెప్పే అంకెల కోడ్, సుంకం శాతం దాన్ని బట్టే తేలుతుంది. 1988 నుంచి అమల్లో ఉన్న ఈ పద్ధతిలో మొదటి ఆరు అంకెలు దీన్ని వాడే దేశాలన్నింటికీ ఒకటే. కారు పార్ట్స్ అనగానే అందరూ 8708 రాసేస్తారు. బైకు పార్ట్స్‌కు అది కాదు, 8714. ఇంజిన్ లోపలి పిస్టన్, వాల్వ్ లాంటివి 8409. స్పార్క్ ప్లగ్, స్టార్టర్ మోటార్ 8511, లైట్లు 8512, బేరింగులు 8482, కొత్త టైర్లు 4011. ఒక్కో దానికి సుంకం వేరు. ఇన్వాయిస్ మీద ఊరికే ‘ఆటో పార్ట్స్’ అని రాస్తే కస్టమ్స్ వాళ్లు ఆపి వివరం అడుగుతారు. పార్ట్ పేరు, దేనితో చేసింది, ఏ బండికి, కొత్తదా పాతదా అన్నవి రాసి, సరైన కోడ్ వేయమని అమ్మేవారికి చెప్పండి.

చిన్న విలువ పార్శిళ్లకు సుంకం ఉండదంటారు కదా?

కొన్ని దేశాల్లో ఒక హద్దు ఉంటుంది. కానీ ఆ హద్దులు తగ్గుతూ వస్తున్నాయి, పాత సమాచారాన్ని నమ్మకండి. ఐరోపా సమాఖ్య 22 యూరోల వరకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జూలై 1 నుంచి తీసేసింది. 800 డాలర్ల వరకు సుంకం లేకుండా వదిలేసిన అమెరికా, 2025 మే 2 నుంచి చైనా, హాంకాంగ్ సరుకుకూ, ఆగస్టు 29 నుంచి మిగతా దేశాల సరుకుకూ ఆ సదుపాయం ఆపేసింది. కొనే రోజున మీ దేశపు కస్టమ్స్ వెబ్‌సైట్ చూసుకోవడం ఒక్కటే మార్గం.

‘గిఫ్ట్’ అని రాయించి, విలువ తక్కువ వేయిస్తే?

వద్దు. అది తప్పుడు డిక్లరేషన్, దొరికితే జరిమానా, సరుకు జప్తు. దొరక్కపోయినా నష్టమే: పార్ట్ పోతే బీమా వాళ్లు ఆ కాగితం మీదున్న తక్కువ విలువే ఇస్తారు. అమ్మేవాళ్లే ఈ మాట తెచ్చినా వద్దని రాతలో చెప్పండి.

కొన్ని పార్ట్స్‌ను అసలు పంపలేం అంటున్నారు. ఎందుకు?

విమానంలో ప్రమాదకర సరుకు కింద లెక్క కాబట్టి. ఎయిర్‌బ్యాగులు, సీటుబెల్టును బిగించే ప్రీటెన్షనర్లు లోపల పేలుడు మందు ఉండే వస్తువులు, యూఎన్ 3268 (ప్రమాదకర సరుకు రకానికి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన సంఖ్య) కింద వస్తాయి. ఎయిర్‌బ్యాగ్‌తో ఉన్న స్టీరింగ్ కూడా అంతే, ఎయిర్‌బ్యాగ్ తీసేసి పంపితే ఏ గొడవా లేదు. యాసిడ్ బ్యాటరీ యూఎన్ 2794. విడిగా వచ్చే లిథియం అయాన్ బ్యాటరీలను 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయనివ్వడం లేదు. గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లు, డిక్కీ తలుపును ఎత్తిపట్టే గ్యాస్ స్ట్రట్లు యూఎన్ 3164. వీటికి కొన్ని మినహాయింపులున్నా కాగితాలు చూపించాలి, అందుకే చిన్న అమ్మకందారులు ఆ తలనొప్పి పెట్టుకోరు. ప్రమాదకర సరుకును తీసుకునే కొరియర్లు దానికి వేరే ఛార్జీ వేస్తాయి.

వాడిన కార్బురేటర్, పెట్రోల్ పంపు, ట్యాంకు తెప్పించుకుంటుంటే వాటిని పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి పంపమని గట్టిగా చెప్పండి. పెట్రోల్ వాసన వచ్చిందా, పార్శిల్ వెనక్కి పోతుంది, ఆ ఖర్చు ఎవరు భరించాలన్న గొడవ మొదలవుతుంది.

సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ తెప్పించుకోవాలి. ఏం చూసుకోవాలి?

ముందు, వాడిన పార్ట్స్ దిగుమతికి మీ దేశంలో అనుమతి ఉందో లేదో. ఆ తర్వాతే మిగతావి. ఆయిల్, కూలెంట్, ఇంధనం మొత్తం తీసేయించాలి. ఇంజిన్‌ను చెక్క పాలెట్ మీద బిగించి పంపుతారు కాబట్టి ఆ చెక్కకు ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి. పురుగు లేకుండా చెక్కను శుద్ధి చేశారని, ఎక్కువగా దాని మధ్యభాగం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండేలా చేశారని ఆ ముద్ర చెబుతుంది. ముద్ర లేకపోతే రేవులో మళ్లీ శుద్ధి చేయాలంటారు, లేదా తిప్పి పంపుతారు, డబ్బు మీది. ప్లైవుడ్ పెట్టెకు ఈ నిబంధన వర్తించదు. ఫొటో తీయించి ముద్ర చూసుకోండి.

పాత బండ్ల బ్రేక్ ప్యాడ్లు, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. చాలా దేశాలు దాన్ని లోపలికి రానివ్వవు. ఆస్ట్రేలియాలో 2003 డిసెంబర్ 31 నుంచి పూర్తి నిషేధం ఉంది.

నాలుగు చోట్ల కొన్నవి కలిపి ఒకే పార్శిల్‌గా తెప్పించుకోవచ్చా?

ఒకే దేశంలో కొన్నవైతే తప్పకుండా. అక్కడి ఫార్వర్డర్ (మీ తరఫున పార్శిళ్లు అందుకుని మీకు పంపే సంస్థ) అడ్రసుకు అన్నీ చేర్చి, కలిపి ప్యాక్ చేయించి ఒకేసారి తెప్పించుకోవచ్చు. మొదటి అర కిలోకు పడే రేటు ఎప్పుడూ ఎక్కువ, ఆ తర్వాతి కిలోలకు తగ్గుతూ పోతుంది, అందుకే కలిపితే లాభం. క్లియరెన్స్ ఫీజూ ఒక్కసారే. బరువైన చిన్న పార్ట్స్‌ను డొల్ల పార్ట్ లోపలి ఖాళీలో సర్దించగలిగితే ఇంకా మంచిది. కానీ బ్రేక్ డిస్క్‌ను హెడ్‌లైట్ పెట్టెలో పెట్టించకండి. ఎన్ని రోజులు ఉచితంగా ఉంచుతారో, మళ్లీ ప్యాక్ చేసినందుకు ఎంత తీసుకుంటారో ముందే తెలుసుకోండి. అన్నీ కలిస్తే విలువ పెరిగి సుంకం హద్దు దాటుతుందేమో కూడా చూసుకోవాలి.

దారిలో విరిగితే కొరియర్ వాళ్లే ఇస్తారు కదా, బీమా ఎందుకు?

ఇస్తారు, కానీ బరువును బట్టి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం విమానంలో పోయిన సరుకుకు రవాణా సంస్థ బాధ్యత కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు, 2024 డిసెంబర్ 28 నుంచి ఉన్న హద్దు ఇది. ఎస్‌డీఆర్ అనేది ఐఎంఎఫ్ వాడే లెక్క, ఐదు కరెన్సీల మీద ఆధారపడి ఉంటుంది. మీ ఇంజిన్ కంప్యూటర్ బరువు అర కిలో అయితే దక్కేది 13 ఎస్‌డీఆర్‌లు. ఖరీదైన చిన్న పార్ట్‌ను బీమా లేకుండా తెప్పించుకోవద్దనేది ఇందుకే. పార్శిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయండి, పెట్టెను పారేయకండి.

తప్పు పార్ట్ వస్తే వెనక్కి పంపొచ్చా?

పంపొచ్చు గానీ చాలాసార్లు గిట్టుబాటు కాదు. తిరుగు షిప్పింగ్ మీరు పూర్తి రేటుకు కట్టాలి, కట్టిన సుంకం వెనక్కి రావాలంటే దరఖాస్తులు, కాగితాలు. కాబట్టి జాగ్రత్త అంతా కొనేముందే. బండి విన్ నంబర్ (ఒక్కో బండికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, మామూలుగా 17 గుర్తులు) పంపి, పార్ట్ నంబర్ సరిపోతుందని రాతలో ఒప్పించుకోండి. స్టీరింగ్ ఏ పక్క ఉందో తప్పక చెప్పండి. ఎడమ స్టీరింగ్ దేశపు హెడ్‌లైట్ కుడి స్టీరింగ్ దేశంలో చక్కగా బిగుస్తుంది, కానీ వెలుగు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది.

డబ్బు కట్టేముందు అమ్మేవాళ్లకు ఏం రాయాలి?

నేను పంపే సందేశం ఇది, మీకు కావాలంటే వాడుకోండి:

“నమస్తే. ఈ పార్ట్ నంబర్ నా బండికి సరిపోతుందో లేదో చూసి చెప్పగలరా? విన్ నంబర్ కింద ఇస్తున్నాను, స్టీరింగ్ ఏ వైపో కూడా రాశాను. ప్యాక్ చేశాక పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు పంపండి, టేపుతో కొలుస్తున్న ఫొటో ఉంటే మేలు. వీలైనంత చిన్న పెట్టె వాడండి, మూలలకు మాత్రం ఫోమ్ పెట్టండి. మీరు చెప్పే ధరలో సుంకం కలిసి ఉందా, లేదా? ఇన్వాయిస్ మీద అసలు విలువ, పార్ట్ పూర్తి పేరు, హెచ్‌ఎస్ కోడ్ రాయండి. పూర్తి విలువకు బీమా చేస్తే ఎంతవుతుంది? పోస్టులో పంపితే ఎంత, కొరియర్‌లో ఎంత, రెండూ చెప్పండి. ఇవి తెలిసిన రోజే డబ్బు పంపుతాను.”